వాక్యవిచారము: పాణిని మొదలు మన ఇంటి తెలుగు వరకు

కొన్ని ఏండ్ల క్రిందట మా బంధువుల ఇంట పెండ్లి జరిగెను. తెలుగునాటి నుండి చుట్టములు పలువురు వచ్చిరి. తమిళదేశములో పుట్టి పెరిగిన మా ఇంటి ఏడేండ్ల బాలుడు వారి ఎదుట నిలిచి, "కడైకి పోయి కాయ్‌కరి తెచ్చినాను" అనెను. వచ్చినవారు పకపక నవ్వి, "ఇది కూడ తెలుగేనా?" అనిరి. పిల్లవాడు చిన్నబోయి, ఆ పూట వారి యెదుట మరల నోరు విప్పలేదు. ఆ మరునాడే అదే పందిటిలో వేరొక ఇంటి పాప తన అమ్మమ్మ కొంగు పట్టుకొని, "అమ్మమ్మా, నీళ్ళు వేణుం" అనెను. దానికి నవ్వినవారు లేరు. "చూచితిరా, అమ్మమ్మ అనియు, నీళ్ళు అనియు ఎంత చక్కగా పలుకుచున్నదో!" అని ముచ్చటపడిరి.

ఈ ఇరువురు పిల్లలలో తెలుగు నిలిచియున్నది ఎవరి యందు? చుట్టములు చేసిన నిర్ణయము తలక్రిందులైనదని మా అభిప్రాయము. అంగడి, కూరగాయలు అను రెండు మాటలను బాలుడు పొరుగుభాష నుండి తెచ్చుకొనెను గాని, వాటికి విభక్తిని చేర్చి, 'పోయి' అని ఒక పనిని ముగించి, 'తెచ్చినాను' అని తన్ను కర్తగా నిలిపి వాక్యమును కట్టినది తెలుగుతోనే. పాప రెండు తెలుగు మాటలను దాచుకొన్నది గాని, వాక్యమును కట్టవలసి వచ్చినప్పుడు తమిళక్రియనే ఆశ్రయించినది. కర్ణాటకములో ఇదే పాప "నీళ్ళు బేకు" అనును. మహారాష్ట్రములో "నీళ్ళు పాహిజే" అనును. మాటలను చూచి భాషను కొలుచుట మనకు అలవాటు. వాక్యమును చూచి కొలువవలెనని చెప్పు శాస్త్రమొకటి కలదు. ఆ శాస్త్రము ఎట్లు పుట్టి పెరిగినదో, అది మనవంటి కుటుంబములకు ఏమి చెప్పుచున్నదో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

వాక్యమును గూర్చిన ఆలోచన మన దేశమునకు క్రొత్తది కాదు. క్రీస్తుకు పూర్వము అయిదవ లేక నాలుగవ శతాబ్దమునాటివాడని పండితులు తలచు పాణిని, సుమారు నాలుగువేల సూత్రములతో అష్టాధ్యాయిని రచించెను. అతడు సంస్కృతమునందలి రూపములన్నిటిని వరుసగా పేర్కొని జాబితా వ్రాయలేదు. ధాతువులు, ప్రత్యయములు, వాటిని కలుపు సూత్రములు చెప్పి, ఆ సూత్రములను క్రమముగా నడిపించినచో సాధురూపము దానంతట సిద్ధించునట్లు ఏర్పాటు చేసెను. జరుగుచున్న పనికిని, అందులో పాల్గొను వస్తువులకును గల సంబంధములను కర్త, కర్మ, కరణము, సంప్రదానము, అపాదానము, అధికరణము అని ఆరు కారకములుగా విభజించెను. కారకము అర్థమునకు దగ్గరగా నుండును; విభక్తి చెవికి వినబడును. ఈ రెంటిని వేరుచేసి, మొదటిదాని నుండి రెండవదానికి సూత్రములతో దారి వేయుట పాణిని చేసిన మహోపకారము. లోపలి సంబంధమొకటి, వెలుపలి రూపమొకటి అను ఈ భేదమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితో పని కలదు.

పాణిని తరువాతి శాస్త్రకారులు, పదముల గుంపు ఎప్పుడు వాక్యమగునని ప్రశ్నించిరి. మీమాంసకులును నైయాయికులును మూడు లక్షణములను చెప్పిరి. మొదటిది ఆకాంక్ష: ఒక పదము మరియొక పదమును కోరుట. ఆవు, గుఱ్ఱము, మనుష్యుడు, ఏనుగు అని వరుసగా చెప్పినచో ఒకటి మరియొకదానిని కోరదు గనుక అది వాక్యము కాదు. రెండవది యోగ్యత: పదముల అర్థములు పొసగుట. నిప్పుతో తడుపుట పొసగదు. మూడవది సన్నిధి: పదములు దగ్గరగా నుండుట. ప్రొద్దున 'ఆవును' అని, సాయంకాలము 'తెమ్ము' అన్నచో వినువానికి ఏమియు తెలియదు. సుమారు అయిదవ శతాబ్దమున వాక్యపదీయమును రచించిన భర్తృహరి ఇంకను ముందుకు పోయి, వాక్యమే అఖండమైన వస్తువనియు, పదములు దానిని విడదీసి చూచుకొనుటకు మనము కల్పించుకొన్న భాగములనియు ప్రతిపాదించెను.

తెలుగు వ్యాకరణములు ఈ సంపదలో కొంత గ్రహించి, కొంత విడిచినవి. చిన్నయసూరి చెన్నపట్టణములో 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున సంజ్ఞ, సంధి, కారకము, సమాసము, క్రియ మున్నగు పరిచ్ఛేదములు కలవు గాని వాక్యమునకు ప్రత్యేక పరిచ్ఛేదము లేదు. ఆ లోటును పూరింప బూని బహుజనపల్లి సీతారామాచార్యులు 1885 నాటి ప్రౌఢవ్యాకరణమున వాక్యపరిచ్ఛేదమును చేర్చెను. అయినను మన వ్యాకరణములకు ముఖ్యలక్ష్యము కావ్యభాష. ఏ రూపము సాధువు, ఏది కాదు అను విచారమే వాటిలో ప్రధానము. తల్లి ఒడిలోని బిడ్డ వాక్యమును ఎట్లు కట్టుచున్నది అను ప్రశ్న ఆనాటి పండితులకు తోచుటకు అవకాశము లేదు.

ఇచ్చట చెన్నపట్టణమును గూర్చి ఒక ముఖ్యవిషయము చెప్పవలసియున్నది. తమిళదేశమునందలి తెలుగువారు గర్వముతో తలచుకొనదగిన చరిత్ర అది. కుంపిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై 1812లో అచ్చట ఫోర్టు సెంటు జార్జి కళాశాల స్థాపితమైనది. దక్షిణదేశ భాషలన్నియు సంస్కృతము నుండియే పుట్టినవని పలువురు నమ్ముచుండిన కాలమది. ఆ పట్టణపు కలెక్టరైన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, 1816లో వెలువడిన క్యాంబెల్ గారి తెలుగు వ్యాకరణమునకు ఒక పీఠిక చేర్చెను. తెలుగు, తమిళము, కన్నడములు ఒక ప్రత్యేక కుటుంబమునకు చెందినవని అందులో నిరూపించెను. కళాశాలయందలి తెలుగు పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుపట్టికయు, బందరు నివాసియైన మామిడి వెంకయ్య నిఘంటువును ఆయనకు ఆధారములైనవి. ఎల్లిస్ ముందు ధాతువులను, పిమ్మట పదములను పోల్చి, అంతతో తృప్తినొందక మూడవ మెట్టుగా వాక్యరీతిని కూడ పోల్చెను. మాటలు ఎరువు తెచ్చుకొనవచ్చును. వాక్యపు నడక ఒక్కటిగా నున్నచో చుట్టరికము లోతైనదని ఆయన గ్రహించెను. కాల్డ్వెల్ పాదిరి 1856లో తన ద్రావిడభాషా వ్యాకరణమును ప్రకటించుటకు నలువది యేండ్లు ముందే ఈ పని జరిగినది.

ఇక కథ అమెరికాకు పోవుచున్నది. ఇరువదవ శతాబ్దపు తొలి సగములో అచ్చటి భాషాశాస్త్రజ్ఞులకు బ్లూమ్‌ఫీల్డ్ మార్గదర్శకుడు. 1933లో వెలువడిన ఆయన గ్రంథము ఆ తరమునకు పాఠ్యమైనది. ఆయన పాణినిని మిక్కిలి కొనియాడినవాడు. ఆ సంప్రదాయమువారు జనుల నోటి మాటలను సేకరించి, ధ్వనులను, పదాంశములను విడదీసి, జాగ్రత్తగా వర్గీకరించిరి. ధ్వనుల విషయమున, పదముల విషయమున గొప్ప పని జరిగినది. వాక్యము దగ్గరకు వచ్చుసరికి ఆ పద్ధతి తడబడినది. ధ్వనులు ఏ నలుబదియో ఏబదియో ఉండును. పదములు వేలకొలది యుండును. వాక్యములకు మాత్రము అంతము లేదు. లెక్కలేని వస్తువును సేకరించి జాబితా వ్రాయుట ఎట్లు?

ఈ చిక్కును విప్పబూనిన యువకుడు నోమ్ ఛామ్‌స్కీ. ఆయన 1928లో ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. తండ్రి యుక్రెయిన్ ప్రాంతము నుండి 1913లో అమెరికాకు వలస వచ్చిన యూదుడు. హీబ్రూ వ్యాకరణమున పండితుడు. ఇల్లు విడిచివచ్చినను ఇంటి భాషను విడువని కుటుంబమున పెరుగుట వలన పిల్లవాడు చిన్ననాటనే వ్యాకరణగ్రంథములతో పరిచయము పొందెను. మనవంటివారికి ఈ సంగతి విశేషముగా తోచును. జెల్లిగ్ హారిస్ వద్ద శిష్యరికము చేసి, 1957లో ఛామ్‌స్కీ నూటికి కొంచెము మించిన పుటలు గల చిన్న గ్రంథమును హాలెండు దేశమున ప్రకటించెను. వాక్యనిర్మాణములను గూర్చిన ఆ గ్రంథము భాషాశాస్త్రపు దారిని మార్చినది.

ఆయన సిద్ధాంతమును పెద్ద మాటలు లేకుండ చెప్ప యత్నింతుము. ఒక భాష తెలియుట యనగా ఆ భాషలోని వాక్యములు జ్ఞాపకముండుట కాదు. వాక్యములను పుట్టించు సూత్రములు మనసున నుండుట. కావున వ్యాకరణము అనునది కొద్ది సూత్రములతో అనంతమైన వాక్యములను ఉత్పత్తి చేయు యంత్రమువంటిది కావలెను. అందుచే దీనికి ఉత్పాదకవ్యాకరణమని పేరు వచ్చినది. మన తెలుగుతోనే చిన్న యంత్రమొకటి నిర్మించి చూతము. వాక్యమనగా ఒక నామబంధము, దాని వెనుక ఒక క్రియాబంధము. క్రియాబంధమనగా ఒక నామబంధము, దాని వెనుక క్రియ. నామబంధమనగా ఒక నామము; కావలసినచో దానికి ముందు ఒక విశేషణమో, విశేషణముగా మారిన మరియొక వాక్యమో ఉండవచ్చును. సూత్రములు మూడే. వీటితో "తాత పుస్తకము చదివినాడు" అను వాక్యము వచ్చును. మూడవ సూత్రమును మరల ఉపయోగించినచో "నిన్న వచ్చిన తాత అన్న కొన్న పుస్తకము చదివినాడు" అని వచ్చును. ఆ అన్న ఎవడో చెప్పవలెనన్న "బెంగుళూరులో పని చేయుచున్న అన్న" అని చేర్చవచ్చును. వాక్యములో వాక్యము, దానిలో మరియొక వాక్యము. శ్వాస చాలక మనమే ఆగవలెను గాని సూత్రము ఆగుమని చెప్పదు. అయిదేండ్ల పిల్ల కూడ మునుపెన్నడు ఎవరును పలుకని వాక్యమును పలుకగలుగుట ఈ శక్తి చేతనే.

రెండవ విషయము: వాక్యము పూసలదండవలె ఒకదాని వెంట ఒకటిగా గ్రుచ్చిన పదముల వరుస కాదు. పదములు ముందు చిన్న గుంపులుగా కూడి, ఆ గుంపులు పెద్ద గుంపులుగా కూడును. "పాత పుస్తకముల అంగడి" అన్నప్పుడు పాతవి పుస్తకములా, అంగడియా? 'పాత పుస్తకముల' అని ముందు కూర్చినచో పుస్తకములు పాతవి. 'పుస్తకముల అంగడి' అని ముందు కూర్చినచో అంగడి పాతది. పదములు అవే, వరుస అదే. కూర్పు మాత్రము వేరు. కంటికి కనబడని ఈ కూర్పే వాక్యనిర్మాణము.

మూడవ విషయము మరింత సొగసైనది. "కొంగ తిన్న చేప" అనియు, "చేప తిన్న కొంగ" అనియు రెండు బంధములను తీసికొందము. రెంటి ఆకారము ఒక్కటే: ఒక నామము, తిన్న, మరియొక నామము. కాని మొదటిదానిలో ముందున్న కొంగ కర్త; రెండవదానిలో ముందున్న చేప కర్మ. వినువాడు రెంటిలోను తినినది కొంగయేనని తడుముకొనకుండ గ్రహించును. రెండును "కొంగ చేపను తిన్నది" అను ఒకే లోపలి వాక్యము నుండి పుట్టినవని చెప్పినప్పుడు ఇది సుబోధమగును. లోపలిదానికి గుప్తనిర్మాణమనియు, వెలుపలిదానికి వ్యక్తనిర్మాణమనియు, ఒకదానిని మరియొకదానిగా మార్చు సూత్రములకు పరివర్తనసూత్రములనియు పేర్లు. 1965లో ప్రకటించిన గ్రంథమున ఛామ్‌స్కీ ఈ విభాగమును స్థిరపరచెను. ఆ గ్రంథపు పీఠికలోనే, పాణిని వ్యాకరణమును ఇట్టి ఉత్పాదకవ్యాకరణపు ఖండముగా భావింపవచ్చునని ఆయన అంగీకరించెను. కారకవిభక్తుల భేదమును జ్ఞాపకముంచుకొనుడని పైన కోరినది ఇందుకే. రెండువేల యేండ్లకు పైబడిన దూరమున ఇరువురు ఒకే తలుపును తట్టిరి.

అయితే ఒక భేదమును మరువరాదు. మన పూర్వులు యోగ్యతను వాక్యలక్షణములలో చేర్చిరి. ఛామ్‌స్కీ కూర్పును అర్థము నుండి వేరుచేసెను. "నిద్రించుచున్న రాళ్ళు తీయగా కోపగించినవి" అని మేమన్నచో అర్థము పొసగదు. అయినను ఇది తెలుగు వాక్యమేనని ఎవరైనను ఒప్పుకొందురు. అదే పదములను "తీయగా రాళ్ళు కోపగించినవి చున్న నిద్రించు" అని చెదరగొట్టినచో అది ఏ భాషయు కాదు. అర్థము చెడినను నిలుచునది ఏదో అదే వాక్యపు కట్టు.

ఇంతకును ఈ సూత్రములను మనకు నేర్పినదెవరు? మాటలు నేర్చుట అలవాటు వలనను, మెచ్చుకోలు వలనను జరుగునని మనస్తత్త్వవేత్త స్కిన్నర్ 1957లో ఒక గ్రంథము వ్రాసెను. ఛామ్‌స్కీ 1959లో దానిని తీవ్రముగా ఖండించెను. బిడ్డ వినునది కొద్ది, అదియును తెగిపోయిన మాటలు. బిడ్డ నేర్చునది అనంతము. కావున వాక్యమును కట్టు శక్తి మానవునకు పుట్టుకతో వచ్చినదని ఆయన వాదము. మన తెలుగులో దీనికి చక్కని నిదర్శనములు కలవు. "రాముడు కృష్ణుని తన ఇంటిలో చూచెను" అన్నచో 'తన' యనగా రాముడే. "సీతకు తన ఇల్లు నచ్చినది" అన్నప్పుడు సీత పక్కన 'కు' ఉండి కర్తగా కనబడకపోయినను 'తన' ఆమెనే పట్టుకొనును. ఈ నియమమును ఏ తల్లియు బిడ్డకు చెప్పలేదు. ఏ పంతులును బడిలో పాఠముగా చెప్పలేదు. అయినను మనలో తప్పువాడు లేడు.

మనవంటి ఇండ్లలో దీనికన్న విశేషమైన నిదర్శనమొకటి కలదు. తెలుగులో ఏకవచనమున స్త్రీలింగము జడపదార్థములతో కలియును: "అక్క వచ్చింది", "బండి వచ్చింది". బహువచనమున స్త్రీలు పురుషులతో కలియుదురు: "అక్కలు వచ్చినారు", "అన్నలు వచ్చినారు", కాని "బండ్లు వచ్చినాయి". మహద్వాచకము, మహతీవాచకము, అమహద్వాచకము అని మన వ్యాకరణములు విభాగము చేసినది ఈ విచిత్రమును వివరించుటకే. తమిళములో "అక్కా వందాళ్, వండి వందదు" అని ఏకవచనమునందే భేదము కలదు. కన్నడములో "అక్క బందళు, గాడి బంతు". మన పిల్లలు వీథిలో ఆ నియమమును, ఇంటిలో ఈ నియమమును పాటించుచు, గడప దాటినంత మాత్రమున ఒకదానిని విడిచి మరియొకదానిని పట్టుకొనుచున్నారు. నాలుగేండ్ల పసివాని మనసున రెండు వ్యాకరణములు కలహింపక కాపురము చేయుచున్నవి. ఇది లోపమా, ఐశ్వర్యమా?

తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పెదము. ఛామ్‌స్కీ తన సిద్ధాంతమును తానే పలుమారులు మార్చుకొనెను. 1981 నాటి గ్రంథమున, మానవభాషలన్నిటికి సాధారణమైన కొన్ని మూలనియమములు, భాషాభాషకు మారు కొన్ని మీటలు కలవనెను. క్రియ వాక్యాంతమున నుండవలెనా, కర్మకు ముందుండవలెనా అనునది అట్టి మీట. తెలుగు, తమిళ, కన్నడములలో క్రియ చివరనుండును. నామమునకు సంబంధించిన వర్ణనయంతయు నామమునకు ముందుండును. ఇంగ్లీషులో క్రియ కర్మకు ముందుండును. వర్ణనావాక్యము నామమునకు వెనుక వచ్చును. 1995 నాటి గ్రంథమున ఈ యంత్రమును మిక్కిలి తగ్గించి, రెండు అంశములను కలిపి ఒకటి చేయుట అను క్రియయే వాక్యరచనకు మూలమనెను. ఆయన మతమును అంగీకరింపనివారు పలువురు కలరు. పుట్టుకతో వచ్చిన ప్రత్యేకశక్తి యేదియు లేదు, బిడ్డ తన సామాన్యబుద్ధితోనే వాడుక నుండి భాషను గ్రహించునని వారు వాదింతురు. ఈ వాదము నేటికిని తీరలేదు. ఒక్క విషయమున మాత్రము ఉభయపక్షములవారును ఏకీభవింతురు: బిడ్డ చెవిని ఆ భాష పడవలెను. వినని భాషను ఏ బిడ్డయు కట్టజాలదు.

తెలుగునందు ఈ శాస్త్రమును నాటినవారిలో ముఖ్యుడు చేకూరి రామారావు గారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయములో పరిశోధన చేసివచ్చి, 1975లో 'తెలుగు వాక్యం' అను గ్రంథమును ప్రకటించిరి. పరివర్తనసూత్రముల వెలుగులో వాడుకభాషలోని వాక్యములను, తెలుగులోనే, తెలుగువారికి తెలియునట్లు వివరించిన గ్రంథమది. భద్రిరాజు కృష్ణమూర్తి గారును గ్విన్ గారును కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషులో ప్రకటించిరి. కావ్యముల నుండి కాక మాటలాడు జనుల నుండి లక్ష్యములను గ్రహించుట ఈ గ్రంథముల విశేషము.

ఈ దృష్టికి మన ప్రాంతములలోనే పూర్వులు కలరు. నేడు ఒడిశాలో చేరియున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులు గారు, లిపి లేని సవరభాషను సవరల నోటి నుండియే నేర్చి, 1931లో దాని వ్యాకరణమును ప్రకటించిరి. కొండమీది జనుల మాటలోను నియమము కలదని, అది శ్రద్ధగా వినువానికి దొరకునని ఆయన ఋజువు చేసిరి. వాడుక తెలుగుకై ఆయన సలిపిన పోరాటమునకును ఈ శ్రద్ధయే పునాది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడి పర్లాకిమిడి అందు చేరగా, ఆయన రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. ఊరు కదలకుండగనే సరిహద్దు కదలుటచే పరరాష్ట్రమువారైన కుటుంబములు మనలో ఎన్నియో కలవు. వారికి ఈ వృత్తాంతమును విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక పొరుగుభాషల ప్రభావమును విచారింతము. "నాకు నీళ్ళు కావాలి" అను వాక్యమును తమిళుడు "ఎనక్కు తణ్ణి వేణుం" అనును. కన్నడిగుడు "ననగె నీరు బేకు" అనును. మరాఠీవాడు "మలా పాణీ పాహిజే" అనును. మూడింటిలోను కోరువాడు కర్తగా కాక 'నాకు' అని నిలుచుచున్నాడు. కోరిక చివర వచ్చుచున్నది. మరాఠీ వేరొక కుటుంబపు భాష. అయినను వేలయేండ్ల సహవాసమున వాక్యపు నడకలు దగ్గరపడినవి. భారతదేశమంతయు ఒక భాషాక్షేత్రమని ఎమెనో పండితుడు 1956లో వ్రాసిన వ్యాసము ఈ సంగతినే స్థాపించినది.

దీనికి చక్కని దృష్టాంతము మహారాష్ట్రమునందలి సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ గ్రామము. అచ్చట జైనులు కన్నడమును, ముస్లిములు ఉర్దూను, మరికొందరు మరాఠీని, త్రాళ్ళు పేను కుటుంబములవారు తెలుగును ఇండ్లలో మాటలాడుచుండిరి. గంపర్జ్, విల్సన్ అను ఇరువురు పండితులు ఆ గ్రామపు భాషలను పరిశీలించి 1971లో వ్యాసమును ప్రకటించిరి. ముఖ్యముగా కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషలను వారు పోల్చి చూడగా, తరతరముల ఇరుగుపొరుగున వాక్యనిర్మాణములు దాదాపు ఒక్కటియే యైనవనియు, ఒక భాషలోని వాక్యమును పదమునకు పదము, ప్రత్యయమునకు ప్రత్యయము మార్చి మరియొక భాషలో చెప్పవచ్చుననియు తేలినది. అయినను భాషలు కలిసిపోలేదు. ప్రతి ఇల్లును తన మాటలను, తన ప్రత్యయములను నిలుపుకొనినది. ఇంటిలో ఇంటిభాష మాటలాడుట అచ్చటివారికి ఆచారము గనుక, నాలుగు భాషలును ఒకే ఊరి గాలిలో బ్రతికినవి.

దీని నుండి మనము గ్రహింపదగిన పాఠమేమి? ఎరువు మాటల వలన భాష చావదు. "ఆఫీసుకు లేటుగా పోయినందుకు మేనేజరు కోపపడినాడు" అనునది తెలుగు వాక్యమే. పొరుగువారి నడక కొంత సోకినను భాష చావదు, కుప్వాడయే సాక్షి. ఇంటి బిడ్డ ఎవరును నేర్పని క్రొత్త వాక్యమును ఆ భాషలో కట్టజాలని నాడు ఆ భాష ఆ ఇంట ముగియును. అప్పటికి అమ్మమ్మ, తాత, అన్నము, నీళ్ళు, పండుగల పేర్లు, పిండివంటల పేర్లు ఇంకను మిగిలియుండవచ్చును. అవి కోట కూలిన తరువాత మిగిలిన రాళ్ళవంటివి. ఆ రాళ్ళను చూచి కోట నిలిచినదని మనము భ్రమపడుచున్నాము.

కావున సంఘసభ్యులైన తల్లిదండ్రులకు మా విన్నపము ఇది. బిడ్డ నోట పొరుగుమాట వినబడినప్పుడు నవ్వవలదు, గద్దింపవలదు. నవ్వినచో బిడ్డ ఆ మాటను దిద్దుకొనడు, మాటలాడుటయే మానుకొనును. తెనాలి తెలుగుతోనో, రాజమండ్రి తెలుగుతోనో మన తెలుగును పోల్చి సిగ్గుపడవలదు. హోసూరు తెలుగునకు, బరంపురపు తెలుగునకు, యానాము తెలుగునకు వేటి నియమములు వాటికి కలవు. నియమము కలిగిన మాట అపభ్రష్టము కాదని శాస్త్రము చెప్పుచున్నది. "నీళ్ళు కావాలా?" అని ముగింపక, "ఇవ్వాళ బడిలో ఏమైంది? ఎందుకు ఆలస్యమైంది? అతడు అట్లా అంటే నువ్వు ఏమన్నావు?" అని అడుగుడు. 'ఎందుకంటే', 'అయినా', 'అన్నాడని', 'వస్తే' అను చిన్న మాటలు ఉత్తరములో ఇమిడినప్పుడు వాక్యములో వాక్యము పుట్టును, యంత్రము నడచును. రాత్రి ఒక కథ చెప్పి, మరునాడు బిడ్డచేత దానిని చెప్పించుడు. కథ తప్పిపోవచ్చును, మాటలు పొరుగువి కావచ్చును. వాక్యము తెలుగుదైనచో చాలును. చదువను వ్రాయను నేర్పుట తరువాతి మెట్టు. అది యెంత అవసరమైనను, వినని చెవికి అక్షరములు వాక్యమును తెచ్చి పెట్టజాలవు.

పెండ్లిపందిటిలో చిన్నబోయిన బాలుని మరల తలచుకొందము. ఆ రాత్రి నిద్రకు ముందు అతడు తన నాయనమ్మతో, "వాళ్ళు ఎందుకు నవ్వినారో నాకు తెలవదు, నేను తెచ్చింది మంచి కాయ్‌కరే కదా" అనెను. ఆ మాటను మేము ప్రక్క గదిలో నుండి వింటిమి. నవ్వినారో అను వాక్యము తెలవదు అను వాక్యములో ఇమిడియున్నది. తెచ్చింది అను మాటలో ఒక వాక్యము నామముగా మారియున్నది. తెలియని విషయము నేను అని కాక నాకు అని నిలిచియున్నది. వీటిలో ఒక్కటియు ఎవరును అతనికి నేర్పలేదు. నాయనమ్మ అతనిని దగ్గరకు తీసికొని, "మంచిదే నాయనా, రేపు దాంతోనే కూర చేస్తాను" అనెను. తెలుగునకు తెలుగు బదులు వచ్చినది. ఆ బదులు దొరకుచున్నంత కాలము మన ఇండ్లలో ఈ భాషకు భయము లేదు.